గట్టు మీద చోటు

తెనాలి,
సెప్టెంబరు 2005

చి.సౌ. విజయకు,

ఆశీస్సులు. మీ ఫోను మళ్ళీ మూగబోయింది. వారం నుంచి చేస్తున్నాను, కుయ్ మని ఒకటే మోత. అందుకే పాత అలవాటు ప్రకారం కలం పట్టాను. టీచరు ఉద్యోగం పోయినా చేతిరాత పోలేదు, చదువుకో.

తమ్ముడు రాఘవ కిందటి నెల వచ్చి చెప్పిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. చేను రొయ్యల చెరువులకి ఇచ్చేద్దామన్నాడు. నాన్న నన్ను కూడా హక్కుదారుని చేసి పోయాడు కాబట్టి నా మాట కూడా కావాలన్నాడు. "నీ ఇష్టంరా" అన్నాను. కాఫీ తాగి వెళ్ళిపోయాడు. నేను అలా అన్నప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. కూర తరుగుతూ లేచిపోతాను, ఎందుకు లేచానో గుర్తుండదు. మీ అన్నయ్యగారు బీపీ చూపించుకోమంటున్నారు.

ఇంకో సంగతి. పొద్దున్నే మునిసిపల్ పార్కులో నాతో నడిచే వాళ్ళలో మా పక్కింటి జరీనా ఉంది. జాకెట్లు కుడుతుంది, మాట కూడా కుట్టినట్టే మాట్లాడుతుంది. మొన్న అటుకుల వడ్లు వేరే ఉంటాయా అని ఒక పెద్ద చర్చ వచ్చింది. ఉంటాయని బ్యాంకులో రిటైరైన ఆయన పందెం కూడా కాశాడు. నేను నవ్వి, మా పుట్టింటి చేలో చూపిస్తా రండి అన్నాను. "ఎప్పుడు టీచరుగారూ?" అని జరీనా అక్కడే పట్టుకుంది. కోతల్లో ఒక ఆదివారం అని నోరు జారాను. ఇప్పుడు రోజూ అడుగుతున్నారు.

తీసుకురావచ్చా? రాఘవ సంగతి నీకు తెలుసుగా. చేలోకి పరాయివాడు దిగితే వాడికి ఒంట్లో దిగినట్టే. నువ్వే అడిగి చెప్పు.

సావిత్రి

*

అడవులదీవి,
అక్టోబరు 2005

పూజ్యులైన వదినగారికి,

నమస్కారాలు. ఫోను మూగబోలేదు, చంపేశారు. మన పడమటి చేను పక్కన చెరువు తవ్వుతూ పొక్లెయిన్‌తో కేబుల్ తెంపారు. అడిగితే వెళ్ళి గవర్నమెంటును అడగమన్నారు. రేపల్లె వెళ్ళి బూత్‌లో మాట్లాడదామంటే అక్కడ అందరూ మన మాటలే వింటారు. మీ ఉత్తరమే నయం.

మీరు "నీ ఇష్టంరా" అన్నారని మీ తమ్ముడు వచ్చి చెప్పినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. నా ఇష్టం ఎవరూ అడగలేదు వదినా. పాతికేళ్ళుగా ఆ బురదలో నాట్లేసింది నేను. సరే, ఇప్పుడు దాని గురించి పోట్లాడను.

ఆయన బాధా నాకు తెలుసు. చుట్టూ చెరువులొచ్చాయి. ఎండాకాలం పడమటి గట్టు కింద తెల్లగా ఉప్పు పేరుకుంటోంది. ఊళ్ళో కుర్రకారు మా చేను పక్కగా బండి మీద పోతూ "బాబాయి ఇంకా వరేనా" అని నవ్వుతున్నారు. వాళ్ళు పోయాక ఆయన అక్కడే నిలబడి, "ఈ చేను ఎవరికి కావాలి చెప్పు" అంటారు. రోజూ అదే మాట. చెరువుల వాళ్ళకి కోతయ్యాక మాట చెబుతానన్నారు. సంక్రాంతి వెళ్ళగానే పొక్లెయిన్ దింపుతామని వాళ్ళు కొలతలు కూడా చూసుకుపోయారు.

అందుకే మీ ఉత్తరం చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. పనిగట్టుకుని తెనాలి నుంచి మనుషులు చేను చూడ్డానికి వస్తే ఆయన కళ్ళతో చూస్తారు కదా, ఎవరికి కావాలో. ఆయన్ని అడిగాను, సరేనన్నారు. తీసుకురండి. కాకపోతే మన గట్టు సంగతి మీకు తెలుసు. ఏటా పార పుచ్చుకుని చెక్కి చెక్కి, ఇంకో చాలు వరి పడుతుందని గట్టుని పిల్లి నడిచే దారి చేశారు. పడమటి వాళ్ళతో ఆ గట్టు గురించే మూడేళ్ళు మాటల్లేవు. కొద్దిమందైతే వరసగా నిలబడి చూడొచ్చు. ఎక్కువైతే వరిలో పడతారు.

విజయ

*

తెనాలి,
నవంబరు మొదటి వారం

విజయా,

రాఘవ సరేనన్నాడా! రెండుసార్లు చదివాను. వాడు మారాడంటే నమ్మబుద్ధి కాలేదు, కానీ నమ్ముతున్నాను.

ఓ ఇరవై మందిమి వస్తాం. కాలవ కట్టేశాక కోతలకి దిగేముందు ఒక మాట రాయి, ఆ ఆదివారం ఖాయం చేస్తాను. వీళ్ళ ప్రశ్నలతో నా బుర్ర తినేస్తున్నారు. కొడవలి పట్టనిస్తారా? పాములుంటాయా? చెప్పులా, బూట్లా? బాత్రూం ఉందా? ఆఖరి దానికి మా తమ్ముడి ఇల్లుందని చెప్పాను, నువ్వు ఏర్పాటు చూడు. పులిహోర మేమే కట్టుకొస్తాం. నువ్వు పొయ్యి ముట్టించావంటే ఊరుకోను.

జరీనా పాత చీర అంచులతో తలకి కట్టుకునే గుడ్డలు కుడుతోంది, అందరికీ ఒకటే రంగు. ఎండకట. దానికి ఇదంతా పెళ్ళి ప్రయాణంలా ఉంది. నాకు మాత్రం కాళ్ళు నిలవడం లేదు. ఒక పక్క చేనిని చూపించడానికి జనాన్ని తెస్తున్నాను, ఇంకో పక్క అదే చేనిని తవ్వుకోమని ఊ కొట్టాను. పార్కులో వీళ్ళు "మీ చేను" అన్నప్పుడల్లా ముఖం తిప్పుకుంటున్నాను.

సావిత్రి

*

రేపల్లె,
నవంబరు చివర

వదినా,

మా చెల్లెలి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాస్తే చూస్తారని.

ఒక పని చేశాను. ఈ ఏడు మినుము వద్దు, ఎలాగూ తవ్వేదే కదా అన్నారు మీ తమ్ముడు. గాదె పక్కన విత్తనాల మినుము అలాగే మూట కట్టి ఉంది. సోమవారం ఆయన ఎరువుల కొట్టు లెక్క చూసుకోవడానికి రేపల్లె వచ్చారు. నేను ఇద్దరు ఆడకూలీలను పిలుచుకుని చేలో దిగి, వరి నిలబడి ఉండగానే సందుల్లో మినుములు చల్లేశాను. పదును బాగుంది. వరి కోసే వేళకి అడుగున మొలక పగులుతుంది.

ఎందుకు చల్లానో మీకు వేరే చెప్పక్కర్లేదు. మన ఊళ్ళో మొలిచిన చేలో ఎవరూ పార దించరు. పొక్లెయిన్ డ్రైవరు కూడా మన ఊరివాడే, వాడూ దించడు. మినుము చేతికొచ్చేసరికి ఫిబ్రవరి సగం పోతుంది. ఈ లోపల చెరువుల వాళ్ళు ఇంకో చేను చూసుకుంటారు. నా చేతిలో ఉన్నది ఆ మొలకలే వదినా. అవి పోతే నా దగ్గర ఇంకేం లేదు.

ఆయనకి చెప్పలేదు. మొలిచాక ఆయనే చూస్తారు. చూసినరోజు ఏమంటారో. మీరు వచ్చినప్పుడు మీవాళ్ళని గట్టు దిగనివ్వకండి. ఇరవై మందికి గట్టు చాలు. వచ్చే ఆదివారం రండి, చేను బంగారంలా ఉంది.

విజయ

*

తెనాలి,
డిసెంబరు మొదటి వారం

విజయా,

ఆదివారమే. పొద్దున్నే బయల్దేరతాం. ఇరవై పైచిలుకు ఉండొచ్చు, మీ అన్నయ్యగారు ఇంకెవరినో పిలిచారు. మినుము సంగతి గుండెల్లో పెట్టుకున్నాను. నువ్వు గట్టిదానివి. మా అమ్మ ఉంటే నిన్ను మెచ్చుకునేది, నన్ను తిట్టేది.

బంగాళాఖాతంలో ఏదో అంటున్నారు రేడియోలో. రాదులే.

సావిత్రి

*

అడవులదీవి,
డిసెంబరు 2005

గౌరవనీయులైన సావిత్రిగారికి,

మీరు క్షేమంగా చేరారని అన్నయ్యగారు పంపిన కబురు అందింది. మీరు చేలో మరిచిపోయిన చాపలు మా వసారాలో ఉన్నాయి. ఎవరైనా వస్తే పంపిస్తాను.

ఇంతవరకు రాసి కాగితం చింపేద్దామనుకున్నాను. చింపలేదు. అనవలసింది అనకపోతే నాకు ఊపిరాడదు.

ఇరవై అన్నారు. బస్సు ఆగింది. దిగుతున్నారు, దిగుతున్నారు, ఇంకా దిగుతున్నారు. తలలకి ఆకుపచ్చ గుడ్డలు కట్టుకుని అరవై మంది. మా చిన్న గట్టు, దాని ముందు అరవై మంది. ఎందుకు చెప్పలేదు వదినా? చెబితే నేను వద్దంటాననే కదా.

నా తప్పూ ఉంది, ముందే ఒప్పుకుంటాను. మబ్బు పట్టిందని గురువారమే కూలీలు దొరికినంతలో కోయించేశారు మీ తమ్ముడు. పచ్చి మీదే కుప్ప వేసేశాం. ఆ తుఫాను ఇటు రానే లేదు, ముఖం చాటేసి ఎటో పోయింది. కోతైపోయిందని మీకు కబురు పెట్టొచ్చు. పెట్టలేదు. చెబితే మీరు రారని భయం. ఇంకోటి, ఆయన్ని నేను అసలు అడగనే లేదు. సరేనన్నారని మీకు రాసింది అబద్ధం.

వరి నిలబడి ఉంటే ఎవరూ దిగేవాళ్ళు కాదు. కోసిన మడి కదా, తెనాలి వాళ్ళ కంటికి ఖాళీ స్థలం. "వరి ఏదీ?" అని ఒకరు, "అయిపోయిందట" అని ఇంకొకరు. గట్టు మీద చోటు లేక ముందువాళ్ళు దిగారు, వాళ్ళని చూసి వెనకవాళ్ళు దిగారు. చాపలు పరిచారు. పులిహోర డబ్బాలు దింపారు. ఎవరో బంతి కూడా తెచ్చారు. మీరు మధ్యలో నిలబడి మీ నాన్నగారు ఎడ్లు కట్టిన కథ చెబుతున్నారు. మీ కాళ్ళ కిందే మొలకలున్నాయి. మీకు తెలుసు. గుండెల్లో పెట్టుకున్నానని రాశారు.

నేనెందుకు అరవలేదని మీరు అడగొచ్చు. ఇంటికొచ్చిన వాళ్ళని చేలోంచి పొండని ఎలా అనను? అంటే మినుము సంగతి ఆయన ముందు బయటపడుతుంది. అనకపోతే మొలకలు పోతాయి. చేతులు కొంగులో చుట్టుకుని నిలబడ్డాను.

ఆయన కుప్ప పక్కన కూర్చుని ఉన్నారు. వచ్చిన వాళ్ళెవరో తెలియదు కాబట్టి లేచి చొక్కా వేసుకున్నారు, అంతే. జనాన్ని చూడలేదు, నన్నే చూస్తున్నారు. తర్వాత వంగి, కోసిన వరి దుబ్బు ఒకటి పక్కకి తీశారు. మరో దుబ్బు తీశారు. లేచి ఆయన అన్న మాట మీరూ విన్నారు.

"ఎక్కడి వాళ్ళు అక్కడే ఆగండమ్మా. కాలెత్తకండి. కింద మినుము మొలిచింది."

ఆ గొంతులో కోపం లేదు. అదే నాకు ఆశ్చర్యం. అరవై మందీ బొమ్మల్లా ఆగిపోయారు. జరీనాగారు అప్పుడే కాలెత్తారు, అలాగే ఎత్తిపెట్టి బ్యాంకాయన భుజం పట్టుకున్నారు. ఆవిడే వంగి మొదటి మొలక చూసింది. "అయ్యో, రెండాకులున్నాయి" అంది. ఆ తర్వాత అందరూ కింద చూసుకోవడం, ఎవరూ కదలకపోవడం. కాలు ఎక్కడ పెట్టాలండీ అని ఒకరి తర్వాత ఒకరు. ఆయన చెప్పులు విడిచి దిగి, దుబ్బు మీద వెయ్యండి, సందులో వద్దు అంటూ ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని గట్టుకి తెచ్చారు. భోజనాల వేళ దాకా ఆ పనే సరిపోయింది. మీ వాళ్ళు పులిహోర రోడ్డు మీద బస్సు పక్కన నిలబడి తిన్నారు.

మీరు వెళ్ళాక చేను చూశాను. తూర్పు వైపు బాగానే ఉంది. మధ్యలో చాపలు పరిచినచోట ఏం లేదు, నేల గట్టిపడిపోయింది. మళ్ళీ చల్లడానికి పదును లేదు. ఆయన అప్పటి నుంచి నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. మినుము ఎవరు చల్లారని కూడా అడగలేదు.

విజయమ్మ

*

బాపట్ల,
డిసెంబరు చివర

విజయా,

రాగసుధ ఇంటికి వచ్చేశాను. తెనాలిలో ఉండలేకపోయాను. పార్కుకి వెళ్తే ముఖం చెల్లదు, ఇంట్లో కూర్చుంటే తోచదు. కూతురు నన్ను సూర్యలంక తీసుకెళ్ళింది. సముద్రం ముందు కూర్చుని కూడా లేచి తిరుగుతున్నానని విసుక్కుంది.

నన్ను సావిత్రిగారు అని పిలిచావు. పిలవాల్సిందే.

ఎందుకు చెప్పలేదంటావా. పేర్లు ఇరవై దగ్గర ఆపాను. జరీనా చెల్లెలంది, దాని తోటికోడలంది, మీ అన్నయ్యగారు పెన్షనర్ల సంఘమన్నారు. ఒక్కొక్కరూ వచ్చి "మీ చేను చూస్తాం" అంటే నాకు వద్దనబుద్ధి కాలేదు. గొప్ప, విజయా. తెనాలిలో ముప్పై ఏళ్ళు అద్దె ఇంట్లో బతికిన దాన్ని, నాకూ ఒక చేను ఉందని అరవై మంది ముందు నిలబడాలనిపించింది. ఆ చేనునే "నీ ఇష్టంరా" అని వదిలేశానన్నది ఆ పూట గుర్తు రాలేదు. మినుమూ గుర్తు రాలేదు. నువ్వు ఉత్తరంలో అంత చెప్పినా, చేలో పుట్టి పెరిగిన దాన్ని, కోసిన మడిని చూసి జాగా ఖాళీగా ఉందనుకున్నాను. చాప పరిచింది నేనే.

నిన్ను ఏమీ అనే హక్కు నాకు లేదు. కానీ వాణ్ణి అడగకుండానే సరేనన్నాడని రాయడం నాకు బాధ కలిగించింది. వాడి మొహం చూసి వాడికి తెలియదని గట్టు మీదే నాకు అర్థమైంది. వాడు నా చెయ్యి కూడా పట్టుకుని తెచ్చాడు. "దుబ్బు మీద వెయ్యక్కయ్యా" అన్నాడు. చిన్నప్పుడు వాణ్ణి కాలవ దాటించింది నేను.

నా మాట వెనక్కి తీసుకుంటున్నానని వాడికి చెప్పు. వద్దు, నువ్వు చెప్పకు. నేనే చెప్పాలి. ఏ ముఖంతో చెప్పాలో తెలియడం లేదు. రెండాకుల మొలకల్ని తొక్కించి, చేను తవ్వొద్దురా అంటే వాడు నవ్వడా?

ఒకటి మాత్రం చెబుతాను. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ పాటలు పాడలేదు. జరీనా తన చెప్పుకి అంటిన మట్టి దులపకుండా కూర్చుంది. ఇంటికెళ్ళాక వాళ్ళంతా రాఘవ అడ్రసు అడిగారు. ఇచ్చాను. ఇవ్వకూడదంటే తిట్టు.

సావిత్రి

*

అడవులదీవి,
జనవరి 2006

వదినా,

వదినా అనే రాస్తున్నాను. కోపం పూర్తిగా పోలేదు, సగం పోయింది.

మీరు అడ్రసు ఇచ్చిన ఫలితం చూడండి. పోస్టుమ్యాన్‌కి మా ఇంటి దారి అరిగిపోతోంది. కార్డులు. అన్నీ మీ తమ్ముడి పేరుకే. జరీనాగారిది మొదట వచ్చింది. "అన్నయ్యగారూ, నేను కుప్పకి ఎదురుగా, పడమటి గట్టుకి దగ్గరగా నిలబడ్డాను. అక్కడ మొలిచిందా?" అంతే రాసింది. బ్యాంకాయన తన కాలు ఎక్కడ పడిందో బొమ్మ గీసి పంపాడు. ఒకావిడ క్షమించమని రాసి, అటుకులకి వేరే వడ్లుంటాయా అని కింద అడిగింది.

ఆయన ఒక్కటీ నాకు చూపించరు. చదివి చూరులో దోపుతున్నారు. నేను ఆయన లేనప్పుడు తీసి చదివాను. పొద్దున్నే చేలోకి వెళ్తున్నారు. ఏం చేస్తున్నారని తొంగిచూస్తే, కార్డు చేత్తో పట్టుకుని కుప్ప ఉన్న చోటు నుంచి అడుగులు వేసుకుంటూ పోయి ఒక చోట గొంతుక్కూర్చున్నారు. నాతో మాత్రం మాటల్లేవు.

బోడిగా ఉన్న చోట బోడిగానే ఉంది. మిగతా చోట మినుము మోకాలి కిందకి వచ్చింది. సోమవారం చెరువుల వాళ్ళు వస్తున్నారు. సగం చేను పోయింది కదా, ఇంకెందుకు ఆగడం అని వాళ్ళ మనిషి బజారులో అన్నాడట. ఆయన ఏమీ అనలేదట. ఆ ఏమీ అనకపోవడంతో నేను రోజూ చస్తున్నాను. ఇంట్లో నించుంటే చేను, చేలో నించుంటే రోడ్డు చూస్తున్నాను.

విజయ

*

అడవులదీవి,
ఫిబ్రవరి 2006

అక్కయ్యకు,

నమస్కారం. నాకు ఉత్తరాలు రాయడం రాదు, నువ్వు టీచరువి, తప్పులుంటే దిద్దుకో. మీరిద్దరూ నా గురించి ఇన్నాళ్ళు ఇన్ని ఉత్తరాలు రాసుకున్నారు కాబట్టి ఒకటి నేనూ రాస్తున్నాను.

మినుము చల్లింది విజయేనని నాకు చల్లిన సోమవారం సాయంత్రమే తెలిసింది. విత్తనాల మూట లేదు, గట్టు మీద గింజలు రాలి ఉన్నాయి. అడుగుదామనుకున్నాను. చెబుతుందేమోనని చూశాను. అది చెప్పలేదు, నేను అడగలేదు. కోసేటప్పుడు కూలీలకి అడుగులు జాగ్రత్త అని నేనే చెప్పాను. దానికి ఆ సంగతి తెలియదు. ఈ ఉత్తరం దాని చేతే పోస్టులో వేయిస్తున్నాను, అంటించకుండా ఇస్తాను. చదువుకోనీ.

నీ జనం వచ్చినరోజు నాకు మొదట ఒళ్ళు మండింది. కానీ ఆగండి అనగానే ఆగారు. అరవై మంది. ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో నా చేను మొలక కోసం ఎవరూ కాలు ఎత్తి పట్టుకోలేదు. మనవాళ్ళు బళ్ళు తోలుకుపోయారు, చెరువుల వాళ్ళు బూట్లతో కొలిచారు. నీ జనం మాత్రం నా మాటకి ఎండలో నిలబడ్డారు. ఆ జరీనా అనే ఆవిడ ఒంటికాలి మీద ఎంతసేపుందో నీకు గుర్తుందా. అది నేను మరచిపోలేకపోతున్నాను.

సోమవారం చెరువుల వాళ్ళు వచ్చారు. జీపు దిగి చేలోకి నడిచారు. చెప్పులు విడవండి అన్నాను. నవ్వారు. చేను ఇవ్వను, ముందు గట్టెక్కండి అన్నాను. సగం పోయిన చేను కదా అన్నారు. పోయిన సగం ఎవరెవరి కాళ్ళ కింద పోయిందో నా దగ్గర రాసి ఉంది, వాళ్ళకి జవాబు చెప్పుకోవాలి అన్నాను. వాళ్ళకి అర్థం కాలేదు. వెళ్ళిపోయారు. ఉప్పు సంగతి ఏం చేయాలో నాకు తెలియదు. బాపట్ల కాలేజీలో ఎవరినైనా అడగమని రాగసుధకి చెప్పు.

నువ్వు "నీ ఇష్టంరా" అన్నందుకు నాకు కోపం వచ్చింది. వద్దురా అంటావని వచ్చాను. అది ఇప్పుడు చెబుతున్నాను, మళ్ళీ ఎత్తను.

జరీనాగారికి చెప్పు, ఆవిడ నిలబడ్డ చోట మొలిచింది. ఎత్తిన కాలి కిందది బతికింది. రెండో కాలి కిందది పోయింది. బ్యాంకాయన చోట ఏం లేదు. అటుకులకి వేరే వడ్లు ఉండవు.

మినుము పీకుడు వచ్చే వారం. ఆదివారం అందరినీ రమ్మను. పీకేటప్పుడు చేలోకి దిగొచ్చు, నేను నేర్పిస్తాను. ఎంతమంది వస్తారో ఈసారి నిజం రాయి. నిలబడ్డానికి చోటు లేదనుకోవద్దు. పార పుచ్చుకుని నా చేలో నుంచి మట్టి తీసి పోసి, గట్టు వెడల్పు చేశాను.

నీ తమ్ముడు,
వీరరాఘవయ్య